నాన్న వలకి తేలిక గుళ్ళు

నాన్నకి కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది. చొక్కా తొడుక్కోవడానికి అమ్మ సాయం కావాలి, అయినా తెల్లారేసరికి విసురు వల భుజాన వేసుకుని క్రీక్ వైపు నడిచేస్తాడు. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. "వల బరువేటిరా, అది నా చెయ్యే కదా" అంటాడు నాన్న. పదకొండో ఏట నుంచి వల విసురుతున్న మనిషిని, ఇప్పుడు అరవై ఏడేళ్ళొచ్చాయి కదా ఇంట్లో కూర్చో అని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నాకైతే చెప్పాలని కూడా లేదు. అందుకని మనిషిని వదిలేసి వల సంగతి చూడటం మొదలుపెట్టాను. వల బరువంటే నైలాన్ దారం బరువు కాదు, అంచు పొడుగునా కట్టిన సీసం గుళ్ళ బరువు. ఆ గుళ్ళని తేలిక చెయ్యాలి, అంటే గుళ్ళు పోసే అచ్చుని మార్చాలి. ఇంత చిన్న మాటకి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఇంకెవరికైనా పనికొస్తుందని, ఎక్కడెక్కడ తప్పు చేశానో కూడా కలిపి రాస్తున్నాను.

మాది గంజాం జిల్లా, గోపాలపూర్ పక్కన సముద్రపు ఒడ్డు ఊరు. ఒడియావాళ్ళు మా తెలుగు జాలరుల్ని నోళియాలంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బడిలో నేను చదివింది ఒడియానే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, మా తాత అప్పటికే పడవెక్కి వేటకి వెళ్తున్నాడట. నేను మాత్రం పడవెక్కలేదు, బరంపురంలో మోటార్ వైండింగ్ షాపు నడుపుకుంటున్నాను. అందువల్ల చేతిలో మల్టీమీటరు, వెర్నియరు, నాలుగు లేతు మిషన్ల పరిచయం ఉన్నాయి. ఈ పనికి అవి చాలు.

మా నాన్నకి విసురు వల సరదా కాదు. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి కాబట్టి నవంబర్ 1 నుంచి మే 31 వరకు ఆ సముద్రంలో వేటకి నిషేధం ఉంటుంది. తాబేళ్ళంటే మాకూ ప్రేమే, వాటి మీద నాకేం కోపం లేదు. కానీ ఆ ఏడు నెలలూ చాలా ఇళ్ళల్లో కూరకి ఆధారం క్రీకులో, ఉప్పుటేరులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి విసిరే వలే. అమ్మేది తక్కువ, తినేది ఎక్కువ. రొయ్యలు, కొయ్యింగ చేపలు, అదృష్టం బాగుంటే ఒక పండుగప్ప పిల్ల.

ఇక వల సంగతి. నాన్న వల అంచు తాడు టేపు పెట్టి కొలిస్తే 19 మీటర్లకి కాస్త తక్కువ వచ్చింది. దానికి బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ ఎడంతో 188 గుళ్ళున్నాయి, నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఇసకలో ఈడ్చి ఈడ్చి అరిగిపోయిన ఒక్కో గుండు 24, 25 గ్రాముల మధ్య తూగింది. మొత్తం కలిపితే 4 కిలోల 600 గ్రాములు. తడిసిన వల బరువు దీనికి అదనం. విసిరేటప్పుడు ఆ బరువంతా ఒక్క భుజం మీద తిరుగుతుంది, పొద్దున్న ముప్పై నలభై సార్లు.

మొదట అందరికీ తట్టే ఆలోచన, మూడు గుళ్ళకి ఒకటి తీసేస్తే పోదా అని. నేనూ అదే అన్నాను. నాన్న నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "ఒరే, గుండు గుండుకీ మధ్యన అంచు నేలకి అంటాల. నువ్వు సందు పెట్టేస్తే సేప ఆ సందులోంచి ఎల్లిపోద్ది. సేప నీకంటే తెలివైంది." నిజమే. గుళ్ళ మధ్య దూరం పెరిగితే తాడు అక్కడ విల్లులా పైకి లేస్తుంది, వల కింద దారి తెరుచుకుంటుంది. పైగా వల గాల్లో గుండ్రంగా విచ్చుకోవాలంటే బరువు అంచంతా సమానంగా పంచి ఉండాలి. అంటే గుళ్ళ సంఖ్య మారకూడదు, ఒక్కో గుండు బరువు మాత్రమే తగ్గాలి. ఇది అర్థమయ్యాకే అసలు పని మొదలైంది.

మా అచ్చు తాతది. బెళగుంఠలో ఒక ఇత్తడి పనివాడి దగ్గర చేయించాడని నాన్న చెప్తాడు, ఆ ఊరు వంగి తిరిగే ఇత్తడి చేపలకి పేరు. రెండు ఇత్తడి చెక్కలు, ఒకదానికొకటి పిన్నులతో సరిగ్గా కూర్చుంటాయి. మూస్తే లోపల నాలుగు నిలువు గొట్టాలు ఏర్పడతాయి. అడుగున ఒక ఇనుప పలక, దాని మీంచి నాలుగు ఇనుప పుల్లలు నిలబడి ఒక్కో గొట్టం మధ్యలోంచి పైకి వస్తాయి. తాడు దూరే రంధ్రం అలా ఏర్పడుతుంది. పై నుంచి గరిటెతో సీసం పోస్తాం, పొంగినదాన్ని కత్తితో గీకేస్తాం, గట్టిపడగానే పలక లాగి చెక్కలు విప్పుతాం. ఇత్తడి చెక్కకి ఒక పక్క చిన్న చేప బొమ్మ చెక్కి ఉంది, చిన్నప్పుడు ఆ చేప మీద వేలు పెట్టి రాసేవాడిని, ఇప్పుడు సగం అరిగిపోయింది.

వెర్నియరుతో కొలిచాను. గొట్టం లోపలి వ్యాసం 13 మిల్లీమీటర్లు, పుల్ల 5, లోతు 20. లెక్క వేస్తే ఘనపరిమాణం 2.26 ఘన సెంటీమీటర్లు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11.34 గ్రాములు కాబట్టి గుండు 25.6 గ్రాములు రావాలి. అరగని కొత్త గుండు ఒకటి డబ్బాలో దొరికితే తూచాను, దాదాపు అంతే వచ్చింది. అంటే అచ్చు లోతులో ఒక్కో మిల్లీమీటరు తగ్గితే గుండులో 1.28 గ్రాములు తగ్గుతుంది. ఈ ఒక్క సంఖ్య తెలిసిపోతే మిగతాదంతా కూడిక, తీసివేత.

నేను అనుకున్న బరువు 17 గ్రాముల లోపు. ఎందుకు 17 అంటే, క్రీకులో పెద్దవాళ్ళు వాడే రెండు మూడు తేలిక వలల గుళ్ళు అడిగి తీసుకుని తూచాను, 15 నుంచి 18 మధ్య ఉన్నాయి. అంతకంటే తగ్గిస్తే పాటులో, అంటే సముద్రం వెనక్కి లాగే నీటిలో, వల నిలవదని వాళ్ళందరూ ఒకే మాట చెప్పారు.

దారులు నాలుగు కనిపించాయి. అచ్చు పైభాగాన్ని 7 మిల్లీమీటర్లు కోసెయ్యడం, పుల్లని లావు చెయ్యడం, సీసంలో తేలికైన లోహం కలపడం, లేదంటే అడుగున ఏదైనా వేసి గొట్టాన్ని పొట్టి చెయ్యడం. కోసెయ్యడం అన్నిటికంటే సులువు. మిల్లింగ్ మిషన్ మీద అరగంట పని, ఇక తిరిగి చూడక్కర్లేదు. లేతు షాపు మిత్రుడు అదే చేద్దామన్నాడు, అచ్చుని చేతిలో తిప్పి చూసి, ఈ ఛాంచ (అచ్చు) ఇలా తెచ్చిస్తే సాయంత్రానికి ఇచ్చేస్తా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తాత చేయించిన వస్తువుని కొయ్యడానికి చెయ్యి రాలేదు, అది ఒక కారణం. రెండోది లెక్క ప్రకారం కూడా తప్పే. కోసిన ఇత్తడి మళ్ళీ అతకదు. రేపు తమ్ముడు లోతు నీటికి బరువు వల కట్టుకోవాలంటే 25 గ్రాముల గుండు పోసే అచ్చు ఊళ్ళో ఉండదు.

పుల్లని లావు చేస్తే? 5 బదులు 8 మిల్లీమీటర్ల పుల్ల పెడితే గుండు 18.7 గ్రాములకి దిగుతుంది, లెక్కలో బాగానే ఉంది. కానీ గోడ మందం 4 నుంచి రెండున్నరకి పడిపోతుంది, అలాంటి గుండు రాయికి తగిలితే నొక్కుకుపోతుంది. పైగా సన్న తాడు మీద వదులుగా గిలకలా తిరుగుతుంది. వదిలేశాను. లోహం కలపడం గురించి ఒక్క మాట చాలు. పూర్తి అచ్చు నిండుతూ 17 గ్రాములు రావాలంటే లోహం సాంద్రత ఏడున్నర ఉండాలి, తగరం సాంద్రత 7.3, అంటే ఇంచుమించు మొత్తం తగరమే పొయ్యాలి. తగరం ధర సీసం ధరకి ఎన్నో రెట్లు. మా నాన్న వల అంచుకి వెండి కట్టినట్టే అవుతుంది.

కాబట్టి అడుగున ఏదో ఒకటి వెయ్యాలి. పుల్ల ఎలాగూ నిలబడి ఉంది కదా, దానికి వాషర్లు దూర్చేస్తే సరిపోతుందనుకున్నాను. 5 మిల్లీమీటర్ల బోల్టుకి వేసే వాషర్లు, మందం ఒక మిల్లీమీటరు, ఒక్కో పుల్లకి ఏడు. అచ్చు మూసి సీసం పోశాను. విప్పి చూస్తే గుండుకి కింద లంగా కట్టినట్టుంది. ఆ వాషరు బయటి వ్యాసం 10 మిల్లీమీటర్లే, గొట్టం 13. చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు, సీసం హాయిగా అందులోకి దిగి వాషర్లనన్నిటినీ కౌగిలించుకుంది. నాలుగింటిలోంచి వాషర్లు పీకడానికి శ్రావణం పెట్టి గంట కుస్తీ పట్టాను. సీసం చిక్కటి పదార్థంలా కనిపిస్తుంది కానీ వేడి మీద పాదరసంలా పారుతుంది. అయితే దానికి తలతన్యత చాలా ఎక్కువ, అందుకే వెంట్రుకంత సందులోకి మాత్రం దూరదు. అచ్చులు గాలి బయటికి పోయే సన్న గీతలతో పనిచేసేది ఆ గుణం వల్లే. నాకు కావలసింది వెంట్రుకంత సందు.

అప్పుడు లేతు మీద రింగులు తీయించాం. ఇనుప రాడ్డుని 13కి ఒక పిసరు తక్కువగా తిప్పి, మధ్యలో 5 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి, 7 మిల్లీమీటర్ల ముక్కలుగా కోశాడు. అల్యూమినియం అయితే తొందరగా అవుతుందన్నాడు, నేనే వద్దన్నాను. వేడికి ఇత్తడి వ్యాకోచించే దానికంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, అచ్చు కాలాక రింగు లోపల బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఇనుము ఇత్తడి కంటే తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడిలో కూడా వదులుగానే ఉంటుంది. ఇంకో లాభం, సీసం ఇనుముకి అంటుకోదు. ఇత్తడికైతే తగరం కలిసిన సీసం టంకం పెట్టినట్టు పట్టేస్తుంది, అందుకే అచ్చు లోపల ఎప్పుడూ కిరసనాయిలు దీపం మసి పట్టిస్తాం.

నాలుగు రింగులూ ఒకే కొలతకి తీయించడం నేను చేసిన తప్పు. అచ్చు ఎనభై ఏళ్ళ వయసుది, నాలుగు గొట్టాలూ ఒకలా అరగలేదు. మూడోది 13.2 ఉంది. దాని పక్కన సీసం రెక్కలా దిగింది. మళ్ళీ వెళ్ళి, దానికొక్కదానికి వేరే రింగు తీయించి, ఏది ఏ గొట్టానిదో తెలియడానికి సెంటర్ పంచ్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు కొట్టాను.

గుళ్ళు అందంగా వచ్చాయి. కాటా మీద పెడితే పదహారుంపావు, పదహారున్నర. లెక్కలో 16.7 రావాలి, తక్కువెందుకొచ్చిందంటే నేను వాడింది టైర్ల బ్యాలెన్స్ బరువుల సీసం. అందులో గట్టిదనం కోసం ఆంటిమొని కలుపుతారు, అది సీసం కంటే తేలిక. పరుగున తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాను.

నాన్న కాటా వైపు చూడనేలేదు. గుండుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా తిప్పాడు. కింది అంచు దగ్గర ఆగాడు. ఇంకోసారి తిప్పాడు. తర్వాత చెక్క మంచం పట్టీ మీద ఆ అంచుతో ఒక గీత గీశాడు. చెక్క మీద సన్నగా తెల్లటి చార పడింది. "ఇది తాడుని ఎన్నాళ్ళు బతకనిస్తాదిరా" అన్నాడు. అప్పుడు చూశాను. తాత అచ్చు అడుగు గుండ్రంగా గిన్నెలా ఉంది, అందుకని గుండు కొస నున్నగా వచ్చేది. నేను దాని మీద బల్లపరుపు రింగు వేసేసరికి కొస చాకు అంచులా తయారైంది. ఇసకలో ఈడ్చిన ప్రతిసారీ అది తాడునీ, పక్కనున్న కంతలనీ కోస్తుంది. నేను పది సార్లు కొలిచిన దాంట్లో నాకు కనబడనిది ఆయన వేలికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

మూడోసారి లేతు షాపు. ఈసారి రింగు పైముఖాన్ని గిన్నెలా లోపలికి తొలిపించాను, పుల్ల రంధ్రం చుట్టూ పల్లం, అంచు దగ్గర ఎత్తు. ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాను. ఇప్పుడు గుండు కింది కొస పాతదానిలాగే చింతగింజలా వస్తోంది. పై అంచుని కత్తితో గీకాక ఆకురాయితో ఒక చుట్టు తిప్పడం ఎప్పుడూ ఉన్న పనే. నాన్న మళ్ళీ మంచం పట్టీ మీద గీశాడు, గీత పడలేదు. అప్పుడు అన్నాడు, "ఇంక పొయ్యి."

పోత పోసేటప్పుడు తెలిసిన విషయాలు రాయాలి, ఎందుకంటే అచ్చు అదే అయినా పొట్టి చేశాక దాని స్వభావం మారిపోయింది. పాత గుండుకి పోసే సీసంలో మూడింట రెండు వంతులే ఇప్పుడు లోపలికి వెళ్తుంది, అంటే అచ్చుకి అందే వేడి కూడా అంతే తగ్గుతుంది. ఇత్తడి చెక్కలు మాత్రం అంతే పెద్దవి, అంతే వేగంగా చల్లారతాయి. దాంతో మొదటి ఇరవై గుళ్ళూ ముసలివాళ్ళ బుగ్గల్లా ముడతలు పడ్డాయి. చల్లటి అచ్చులో సీసం గోడకి తగలగానే పెచ్చు కట్టేస్తుంది, అదే ముడత. దానికి మందు సీసాన్ని విపరీతంగా కాచడం కాదు, అచ్చుని వేడిగా ఉంచడం. చెక్కల్ని పొయ్యి అంచున పెట్టి ముందే కాచాను, పోతకీ పోతకీ మధ్య ఆలస్యం తగ్గించాను, తమ్ముడు విప్పుతుంటే నేను గరిటె నింపి సిద్ధంగా ఉండేవాడిని. మరీ వేడెక్కితే గుండు మెరుపు పోయి బూడిద పట్టినట్టు తెల్లబడుతుంది, అప్పుడు ఒక నిమిషం ఆగితే సరి. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, నేను మల్టీమీటరుకి వేడి కొలిచే వైరు తగిలించి 370 దగ్గర ఉంచాను. 400 దాటనివ్వలేదు, దానికి కారణం జింకు. ఇప్పుడొచ్చే టైరు బరువుల్లో కొన్ని సీసం కాదు, జింకు, ఇంకొన్ని ఇనుము. జింకు 419 డిగ్రీల దాకా కరగదు, తేలికైంది కాబట్టి ముక్క ముక్కలాగే పైకి తేలుతుంది, ఇనుప క్లిప్పులతో పాటు చిల్లుల గరిటెతో తీసి పారెయ్యొచ్చు. తెలియక ఎక్కువ మంట పెట్టి కరిగించేస్తే సీసమంతా గంజి ముద్దలా తయారై అచ్చు మూలలకి పారదు, ఆ కుండెడు సీసం పాడైనట్టే.

ఒక ప్రమాదం తృటిలో తప్పింది, అది దాచకూడదు. రెండో పూట రింగు ఒకటి గుండుతో పాటు ఊడి వచ్చింది, కాలుతోందని బకెట్లో ముంచి తీసి, తుడిచి, మళ్ళీ పుల్లకి వేశాను. తుడిచాననుకున్నాను. రంధ్రం లోపల ఒక్క చుక్క నీళ్ళు మిగిలాయి. సీసం పొయ్యగానే టప్‌మని పేలి గొట్టంలో ఉన్నదంతా పైకి చిమ్మింది. నా మోచేతి మీద శనగగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది, కళ్ళద్దాలు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, వాటి మీద కూడా రెండు చుక్కలు అంటుకుని ఉన్నాయి. నీళ్ళు ఆవిరైతే పదహారు వందల రెట్లకి పైగా ఉబ్బుతాయి, దాని మీద కరిగిన సీసం ఉంటే అది బాంబే. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర బకెట్ లేదు. రింగులు గాలికే చల్లారతాయి, మళ్ళీ వేసే ముందు పొయ్యి అంచున కాలతాయి. చేతికి తోలు గ్లవుజు, ఒంటికి నూలు బట్టలు, కాలికి బూటు లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదని ఇంట్లో చెప్పేశాను.

సీసం విషయంలో మా వాళ్ళ అలవాట్లు చూస్తే నాకు చాలా భయం వేస్తుంది. నాన్న తరం వాళ్ళు గేలానికి కట్టే చిన్న సీసం గుండుని పంటితో నొక్కి బిగించేవాళ్ళు. పోత పోసిన మూకుడులోనే ఇంకెప్పుడో వేరుశనగలు వేయించిన ఇళ్ళు నేను చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేమిటంటే, ఇంత వరకు సీసం ఒంట్లోకి వెళ్ళినా ఫరవాలేదు అనే హద్దు లేదు, పిల్లల మెదడుకైతే మరీ ప్రమాదం. మేం పోసింది ఊరి చివర సరుగుడు తోట పక్కన, గాలి వీపు వైపు నుంచి కొట్టేలా కూర్చుని. తెట్టు, గీకిన రజను అంతా రేకు డబ్బాలో పోసి మూత పెట్టాం. అన్నం ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాం, బట్టలు విడిగా ఉతికాం. మా చెల్లెలి పిల్లలిద్దరూ చూస్తామని ఎంత ఏడ్చినా రానివ్వలేదు. పాత బ్యాటరీ ప్లేట్లు ఊరికే ఇస్తానని ఒక తుక్కు దుకాణం అతను అన్నాడు, వద్దన్నాను. వాటిలో యాసిడ్ ఉంటుంది, కలిసి ఉన్న వేరే లోహాల వల్ల విష వాయువులు పుట్టే అవకాశం ఉంది. ఊరికే వచ్చినా సరే బ్యాటరీ సీసం ముట్టుకోవద్దని ఇది చదివే ప్రతి అన్నకీ తమ్ముడికీ చెప్తున్నాను.

నీళ్ళలో తెగి పడిపోయిన గుళ్ళ సంగతి కూడా నన్ను వేధిస్తుంది. బ్రిటన్‌లో గేలాల వాళ్ళు పారేసుకున్న చిన్న సీసం గుళ్ళు మింగి హంసలు చచ్చిపోతుంటే 1987లో వాటిని నిషేధించారు. మనకి పక్కనే చిలికా సరస్సు ఉంది, చలికాలం లక్షల పక్షులు దిగుతాయి. మరి ఇనుప గుళ్ళు వాడొచ్చు కదా అంటే, ఇనుము సాంద్రత 7.9 దగ్గర, అదే బరువుకి గుండు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది, ఉప్పునీటికి తుప్పు పడుతుంది, ఇంటి పొయ్యి మీద కరగదు. గొలుసు కట్టిన వలలు ఉన్నాయి, నాన్నకి వాటి చప్పుడు నచ్చదు. ప్రస్తుతానికి నేను చెయ్యగలిగింది ప్రతి గుండునీ రెండు ముడులతో కట్టి, నెలకోసారి లెక్క చూడటం. 188 ఉండాలి.

మొత్తం 47 పోతల్లో కావలసిన 188 గుళ్ళు, పాడైనవి కరిగించి మళ్ళీ పోసినవి వేరే. వల మార్చడం అమ్మా నాన్నా కలిసి చేశారు, నాలుగు రోజులు. చివర్లో గుళ్ళన్నీ కలిపి 3 కిలోల 60 గ్రాములు. ఒకటిన్నర కిలో తగ్గింది.

మొదటి రోజు తెల్లవారుజామున నేనూ వెళ్ళాను. పోటు నిండి నీరు నిలకడగా ఉన్న సమయం. నాన్న మోకాలి లోతులో నిలబడి, వలని మోచేతి మీద మడతలు వేసుకుని, అంచు ఒకటి పంటితో పట్టుకోబోయి ఆగి నా వైపు చూశాడు. సీసం నోట్లో పెట్టుకోవద్దని నేను ఎన్నోసార్లు చెప్పాను కదా. తాడు ముడి పట్టుకున్నాడు పంటితో, గుండు తగలకుండా. నడుము తిప్పి వదిలాడు. వల అప్పడంలా విచ్చుకుంది, అంచంతా ఒకేసారి నీటిని తాకింది, వాన మొదటి జల్లు పడ్డప్పుడు వచ్చే చప్పుడు. నేను లోపల లెక్కపెట్టుకున్నాను. పాత వల రెండు లెక్కపెట్టేలోగా అడుక్కి చేరేది, ఇది మూడు పట్టింది. ఆ ఒక్క అంకె తేడా చిన్నది కాదు. రొయ్యలకి ఏం ఫరక్ పడలేదు, అవి నేల పట్టుకుని ఉంటాయి. కొయ్యింగలు మాత్రం నీడ పడగానే దూకేస్తాయి, ఆ మూడో లెక్కలో కొన్ని తప్పించుకున్నాయి. తర్వాత పాటు మొదలై నీరు మొగ వైపు లాగుతుంటే వల ఒక పక్కకి కొట్టుకుపోయి మడత పడింది. నాన్న రెండుసార్లు చూసి, లోపలికి, నీరు నెమ్మదిగా ఉన్న మడుగు వైపు జరిగాడు. లోతు నీటికీ వడి నీటికీ ఈ వల కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. తేలిక గుండుకి ఆ ధర ఉంది.

కానీ ఆ పొద్దున్న ఆయన ముప్పై రెండు సార్లు విసిరాడు, మధ్యలో భుజం పట్టుకుని కూర్చోలేదు. ఇంటికొచ్చాక చొక్కా విప్పడానికి మాత్రం అమ్మని పిలిచాడు. భుజం నయమైపోయిందని నేను చెప్పడం లేదు.

రింగులు నాలుగూ ఒక ఇత్తడి తీగకి గుచ్చి అచ్చుతో పాటే గోడ మేకుకి తగిలించాను. వాటిని తీసేస్తే అచ్చు తాత ఇచ్చినట్టే ఉంది, 25 గ్రాములు. మొన్న పక్కింటి మావయ్య వచ్చి తనకి మరీ అంత తేలిక వద్దు, 20 గ్రాముల దగ్గర కావాలన్నాడు. టైరు సీసంతో అయితే 4 మిల్లీమీటర్ల రింగు వేస్తే 20 దగ్గరే వస్తుంది. రాడ్డు ముక్క లేతు షాపులో ఇచ్చి వచ్చాను, మూడో గొట్టం కొలత వేరని ఈసారి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ ఇచ్చాను, ఆదివారం పోస్తాం.